బొడ్డు చుట్టూ పద్నాలుగు

పిచ్చికుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడుస్తారన్నది మా చిన్నప్పుడు ప్రతి ఇంట్లోనూ వినపడిన మాట. వీధిలో కుక్కపిల్ల తోక పట్టుకున్నా, పడుకున్న కుక్క మీద రాయి విసిరినా, అరుగు మీంచి ఎవరో ఒకరు ఆ మాట గుర్తుచేసేవారు. 2005 తర్వాత పుట్టిన పిల్లలకి ఈ బెదిరింపు తెలీదు. తెలియాల్సిన అవసరమూ లేదు. ఆ మందు తయారీ మన దేశంలో 2004 డిసెంబరుతో ఆగిపోయింది. దాంతోపాటు ఆ గాజు సిరంజిలూ పోయాయి. పొద్దున్నే ఆసుపత్రి వరండాలో వరసగా కూర్చునే ఆ మనుషులూ, వాళ్ళ పథ్యాలూ, వాళ్ళు బస చేసిన సత్రాలూ పోయాయి. వాటిలో నేను చూసినవీ విన్నవీ రాసిపెట్టాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

మా నాన్న కోనసీమలో ఓ తాలూకా ఆసుపత్రిలో కాంపౌండరు. డెబ్బైల నాటి మాట. కుక్కకాటు మందు హైదరాబాదులో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) నుంచి జిల్లా కేంద్రానికీ, అక్కణ్ణుంచి ఐసు పెట్టెలో మా ఊరికీ వచ్చేది. ఆసుపత్రిలో ఒక కిరోసిన్ ఫ్రిజ్ ఉండేది. దాని వత్తి సరిగ్గా మండుతోందో లేదోనని నాన్న రాత్రి భోజనం అయ్యాక కూడా ఒకసారి వెళ్ళి చూసొచ్చేవారు. ఆ ఫ్రిజ్ ఆగిపోతే లోపలి మందు పాడైపోతుంది, మర్నాడు వచ్చేవాళ్ళకి వేయడానికి ఏమీ ఉండదు.

మందు తెల్లగా, మసకగా ఉండేది. అది గొర్రె మెదడు. రేబిస్ వైరస్‌ని గొర్రె మెదడులో పెంచి, ఆ మెదడుని నూరి, నూటికి 5 పాళ్ళ చొప్పున ద్రవంలో కలిపి, ఫినాల్‌తో వైరస్‌ని చంపితే తయారయ్యే మందు. పెద్దవాళ్ళకి రోజుకి 5 మిల్లీలీటర్ల దాకా ఎక్కించాలి. అంత మందు చేతి కండలో పట్టదు కాబట్టే పొట్ట. పొట్ట చర్మం వదులుగా ఉంటుంది, కింద చోటు ఉంటుంది. గాయం చిన్నదైతే ఏడు రోజులతో సరిపోయేది. తీవ్రమైనదైతే పద్నాలుగు. ఇవాళ బొడ్డుకి కుడివైపు వేస్తే రేపు ఎడమవైపు, ఎల్లుండి పైన. సూది దిగిన చోట ఉసిరికాయంత గడ్డ కట్టి, ఎర్రబడి, దురదపెట్టేది. రెండో వారం వచ్చేసరికి ఎక్కడ వేయాలన్నా అప్పటికే ఓ గడ్డ ఉండేది. నాన్న వేళ్ళతో మెల్లిగా తడిమి మెత్తటి చోటు వెతికేవారు. ఆ వెతకడంలోనే ఏడుపు మొదలెట్టే పిల్లలుండేవారు.

సూదులు స్టెరిలైజర్‌లో కుతకుత ఉడుకుతుంటే వరండాలో ఉన్నవాళ్ళందరికీ ఆ చప్పుడు వినపడేది. లావుపాటి సూదులు. వాడిన కొద్దీ మొన మొద్దుబారితే నాన్న వాటిని సానరాయి మీద పట్టేవారు. ఒకే సూది ఎంతోమందికి దిగాల్సిందే, మధ్యలో మరిగించడమే దారి. ఆడవాళ్ళకైతే తెర లాగి, ఆయమ్మ పక్కన నిలబడి చీర కుచ్చిళ్ళు పక్కకి జరిపి పట్టుకునేది.

లంక గ్రామాల నుంచి వచ్చేవాళ్ళు రోజూ పడవ దాటి రావడం కుదరదు కాబట్టి, చుట్టాలుంటే చుట్టాలింట్లో, లేకపోతే సత్రంలో దిగేవారు. వరండాలో ఒకరికొకరు పరిచయమయ్యేది కాటు ద్వారానే. ఏ కుక్క, ఎక్కడ కరిచింది, ఎన్నోది ఇవాళ. ముందొచ్చినవాళ్ళు కొత్తవాళ్ళకి ధైర్యం చెప్పేవారు. మందు పూర్తయ్యేదాకా కల్లూసారా ముట్టకూడదనీ, బరువు పనులు చెయ్యకూడదనీ డాక్టరు గారు చెప్పేవారు. జనం దానికి తమ పథ్యం జోడించేవారు: వంకాయ వద్దు, గోంగూర వద్దు, గుడ్డు వద్దు. ఒక అవ్వ మనవణ్ణి తీసుకొచ్చి అన్ని రోజులూ తను కూడా చప్పిడి తిండే తింది. పిల్లవాడు ఒక్కడే చప్పిడి తింటే ఎలా తింటాడమ్మా అని మా అమ్మతో అంది.

మధ్యలో మానేసేవాళ్ళు ఎప్పుడూ ఉండేవారు. నొప్పికి తాళలేక, కూలి పోతుందని, పొలం పిలిచిందని. అలాంటివాళ్ళ పేర్లు రిజిస్టరులో చూసి నాన్న ఆ ఊరి మునసబుకి కార్డు ముక్క రాసేవారు. మునసబు తలారిని పంపేవాడు. తలారి వాళ్ళని వెంటబెట్టుకుని వచ్చేవాడు. 1984లో మునసబు, కరణాల పదవులు రద్దయ్యాయి. ఆ తర్వాత కార్డు ఎవరికి రాయాలో నాన్నకి తెలిసేది కాదు. ఆ వ్యవస్థలో ఎన్ని అన్యాయాలున్నాయో నేనెరుగుదును, అయినా ఆ కార్డుల వల్ల బతికినవాళ్ళని కూడా ఎరుగుదును.

అన్ని రోజులు ఎందుకు వెయ్యాలో నాన్న నాకు చెప్పిన తీరు ఇప్పటికీ గుర్తుంది. పిచ్చికుక్క చొంగలో ఉన్న వైరస్ కాటు ద్వారా కండలోకి దిగుతుంది. అక్కడ కొన్నాళ్ళు ఉండి, దగ్గర్లోని నరం కొస పట్టుకుంటుంది. రక్తంలో తిరగదు. నరం వెంట రోజుకి కొన్ని మిల్లీమీటర్ల నుంచి కొన్ని సెంటీమీటర్ల చొప్పున వెన్నుపాము వైపు, అక్కణ్ణుంచి మెదడు వైపు ఎక్కుతుంది. కాలి మీద కరిస్తే దూరం ఎక్కువ. ముఖం మీదో, చేతివేళ్ళ మీదో కరిస్తే వ్యవధి తక్కువ. మామూలుగా ఒకటి నుంచి మూడు నెలలు. ఒక్కోసారి వారంలోనే, ఒక్కోసారి ఏడాదికి. వైరస్ మెదడు చేరేలోగా ఒంట్లో దాన్ని ఎదుర్కొనే శక్తి పుట్టాలి. ఈ జబ్బులో మనిషికి ఉన్న ఒకే ఒక్క అదృష్టం ఆ వ్యవధి. కాటు పడ్డాక కూడా టీకా వేసి ఆపగలిగే జబ్బులు చాలా తక్కువ. మెదడు చేరాక మటుకు ఏ మందూ పనిచెయ్యదు. పాశ్చర్ 1885 జూలై 6న జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ళ పిల్లవాడికి కుందేలు వెన్నుపాముతో చేసిన మందు ఎక్కించిననాడు నమ్ముకున్నది కూడా ఆ వ్యవధినే.

మన దేశంలో మొదటి పాశ్చర్ సంస్థ 1900లో కసౌలీలో తెరిచారు. వైరస్ పెంచిన మెదడుని ఫినాల్‌తో శుద్ధి చేసే పద్ధతిని 1911లో అక్కడే రూపొందించినవాడు డేవిడ్ సెంపుల్. మా నాన్న సిరంజిలోకి తీసింది ఆయన పేరుతో పిలిచే మందే. దక్షిణాదికి కూనూరు. 1902లో లిల్లీ పాకెన్‌హామ్ వాల్ష్ అనే యువతి పిచ్చికుక్క కాటుకి చనిపోయాక, ఆ ప్రాంతంలో ఓ చికిత్సాలయం ఉండాలన్న పట్టుదల పెరిగి, అమెరికా దాత హెన్రీ ఫిప్స్ ఇచ్చిన సొమ్ములో కొంత కలిసి, 1907లో కూనూరు పాశ్చర్ సంస్థ మొదలైంది. మద్రాసు రాజధానిలో ఉన్న మన జిల్లాల వాళ్ళకి కొన్నేళ్ళపాటు అదే గతి. గోదావరి ఒడ్డున కాటు తిన్నవాడు మెయిలెక్కి మద్రాసు, అక్కణ్ణుంచి మేట్టుపాళయం, అక్కణ్ణుంచి పళ్ళపట్టాల చిన్న రైల్లో కొండెక్కి కూనూరు చేరాలి. మా నాయనమ్మ పుట్టినూళ్ళో అలా వెళ్ళొచ్చిన ఒకాయన ఉండేవాడట. భాష రాని చోట, చలికి గజగజలాడుతూ మందు పూర్తి చేసుకుని, వస్తూ వస్తూ నీలగిరి తైలం సీసాలు తెచ్చి ఊరంతా పంచాడట. ఆయన బతికి రావడం ఊరికి ఎంత గొప్పో, ఆ తైలం అంత గొప్ప. ఫినాల్‌తో చేసిన మందు నిలవ ఉంటుంది కాబట్టి తర్వాత్తర్వాత జిల్లా ఆసుపత్రులకీ తాలూకా ఆసుపత్రులకీ పంపడం వీలైంది. కొండెక్కే ప్రయాణం అలా తప్పింది.

కుక్క సంగతి కూడా చెప్పాలి. కరిచిన కుక్క కనబడుతుంటే దాన్ని పది రోజులు కనిపెట్టుకుని ఉండమనేవారు. పిచ్చి పట్టిన కుక్క చొంగలో వైరస్ ఉండే దశకి వచ్చాక పది రోజులకి మించి బతకదు. బతికిందంటే ఆ కాటుతో భయం లేదు, మిగిలిన సూదులు అక్కర్లేదు. అందుకని కొందరు కరిచిన కుక్కకే పూటపూటా అన్నం పెట్టి, అది ఎటూ పోకుండా చూసుకునేవారు. కుక్క చచ్చిపోతే తల కోసి, డబ్బాలో ఐసు కూరి, పరీక్షకి పంపేవారు. అక్కడ మెదడులో హిప్పోకాంపస్ అనే భాగాన్ని గాజుపలక మీద అద్ది, రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే నరకణాల లోపల ఎర్రటి గుండ్రటి మచ్చలు కనబడేవి. 1903లో ఇటలీలో నెగ్రీ కనిపెట్టిన ఆ మచ్చలు కనబడితే జవాబు స్పష్టం. కనబడకపోతే పూర్తిగా నమ్మడానికి లేదు. ఇప్పుడు అంతకంటే నమ్మకమైన పరీక్షలున్నాయి. ఐసు డబ్బా పట్టుకుని రైలెక్కే మనిషి ఇప్పుడెక్కడా కనబడడు.

పసరు వైద్యం గురించి కోపం లేకుండా రాయడం నాకు కష్టం. కరిచిన చోట సున్నం, కారం, పసుపు మెత్తడం, ఏదో ఆకు పసరు తాగించడం, మంత్రించడం. కరిచిన కుక్కల్లో చాలావాటికి అసలు పిచ్చి ఉండదు. అలాంటి కాటుకి ఏం చేసినా, ఏమీ చెయ్యకపోయినా మనిషి బతుకుతాడు. ఆ బతుకంతా పసరు ఖాతాలోకి వెళ్ళేది. పొట్ట మీద పద్నాలుగు సూదులంటే హడలెత్తిన జనానికి ఒక్క పూట పసరు ఎంతో తేలికగా తోచేది. జబ్బుకంటే మందుకే ఎక్కువ భయపడ్డారు జనం. అందులో వాళ్ళ తప్పెంతో, ఆ మందు క్రూరత్వమెంతో తేల్చడం నావల్ల కాదు.

ఆ జబ్బుని నేను ఒక్కసారి చూశాను. చూడకుండా ఉంటే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది. ఒక రైతు దగ్గర పాలేరుగా ఉన్న కుర్రాడు, పాతికేళ్ళు ఉండవు. కుక్కపిల్ల వేలు కొరికింది. చిన్న గాటు. సున్నం రాసి మరిచిపోయాడు. రెండు నెలలకి ఆ వేలు తిమ్మిరెక్కి మంటపుట్టింది, జ్వరం వచ్చింది, ఆ తర్వాత గ్లాసు నోటి దాకా పెట్టుకోలేకపోయాడు. దాహం లేక కాదు, విపరీతమైన దాహంతోనే. నీళ్ళు మింగబోతే గొంతూ ఊపిరి తీసే కండరాలూ బిగుసుకుపోయి, మనిషి ఎగిరిపడేవాడు. మెదడు కింది భాగం, ఊపిరినీ మింగడాన్నీ నడిపే చోటు, వైరస్ చేతిలో పడింది. తర్వాత నీళ్ళ చప్పుడు చాలు. ముఖానికి గాలి తగిలితే చాలు. నాన్న ఆ గది కిటికీకి దుప్పటి కట్టి, తలుపు దగ్గర ఎవర్నీ విసనకర్ర ఊపనివ్వలేదు.

రెండు బిగింపుల మధ్య అతనికి పూర్తి తెలివి ఉంది. పిచ్చి అంటారు గానీ, ఆ మధ్య సమయాల్లో అతను మనందరిలాగే మాట్లాడాడు. భార్యని గుమ్మం దగ్గర కూర్చోబెట్టుకుని, ఎవరికెంత ఇవ్వాలో, ఎవరి దగ్గర్నుంచి ఎంత రావాలో లెక్కలు చెప్పాడు. కొట్టువాడికి బియ్యం బాకీ, రైతు దగ్గర రావాల్సిన జీతం, తమ్ముడికి ఇచ్చిన చేబదులు. ఒక లెక్క మధ్యలో బిగింపు వచ్చింది. తగ్గాక ఆ లెక్క ఎక్కడ ఆపాడో అక్కణ్ణుంచే చెప్పాడు. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళడానికి బండి సిద్ధం చేశారు గానీ, అక్కడైనా నొప్పి తెలియకుండా మత్తు ఇవ్వడం తప్ప చేసేదేమీ లేదని డాక్టరు గారికీ నాన్నకీ తెలుసు. హైదరాబాదు నల్లకుంటలో అంటురోగాల ఆసుపత్రి, కోరంటి దవాఖానా, పేరు చెబితే పాతవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడేది ఇలాంటి రోగుల వల్లే.

ఆ కుర్రాణ్ణి చూశాక, పద్నాలుగు సూదుల్ని తిట్టే హక్కు నాకు లేదనుకున్నాను. కానీ ఆ సూదులకి ఇంకో ముఖం కూడా ఉంది.

పక్కూరి బడిపంతులు గారు కాటుతో వచ్చారు. కుక్క పారిపోయింది, దొరకలేదు. డాక్టరు గారు పద్నాలుగూ రాశారు. మాస్టారు ఒక్కరోజు మానలేదు. కొంగు పట్టుకుని ఏడ్చే పిల్లల చేత వరండాలో ఎక్కాలు చెప్పించి మరిపించేవారు. కోర్సు సగం దాటాక జ్వరం, తలనొప్పి. రెండు రోజుల్లో కాళ్ళు కదల్లేదు, మూత్రం బిగిసింది. జబ్బే వచ్చేసిందని ఇంట్లోవాళ్ళు గొల్లుమన్నారు. వచ్చింది జబ్బు కాదు, మందు వికటించింది. గొర్రె మెదడులో నరాల మీది మైలిన్ పొర తాలూకు పదార్థం ఉంటుంది. దాన్ని రోజూ ఒంట్లోకి ఎక్కిస్తుంటే, కొందరి శరీరం దాని మీద యుద్ధం ప్రకటించి, ఆ ఊపులో తన నరాల మీద ఉన్న అదే పొరని కూడా చీల్చేస్తుంది. కొన్ని వందల మందిలో ఒకరికని కొన్ని లెక్కలు, కొన్ని వేలల్లో ఒకరికని కొన్ని లెక్కలు. మాస్టారు చావలేదు. నెలలు గడిచాక కర్ర పట్టుకుని నడిచారు. ఆ కుక్కకి పిచ్చి ఉందో లేదో ఎప్పటికీ తెలియలేదు.

ఆయన మా ఇంటికి వస్తూనే ఉండేవారు. ఒక్క మాట అనలేదు. నాన్న మాత్రం ఆయన వచ్చినప్పుడల్లా కుర్చీ తనే వేసి, కర్ర తనే అందుకుని గోడకి చేరవేసేవారు. ప్రతి సూదీ వేసింది తన చెయ్యి.

అంతకంటే మంచి మందు అప్పటికే ప్రపంచంలో ఉంది. మెదడుతో పనిలేకుండా, ప్రయోగశాలలో పెంచిన కణాల మీద వైరస్‌ని పెంచి చేసిన టీకాతో, ఇరాన్‌లో పిచ్చి తోడేళ్ళూ కుక్కలూ కరిచిన 45 మందీ బతికారన్న ఫలితాలు 1976లో వెలువడ్డాయి. 1984లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల సంఘం మెదడు మందు మానుకోమని సూచించింది. మన దేశంలో అది మానడానికి మరో ఇరవై ఏళ్ళు పట్టింది. ఈలోగా మందుల షాపుల్లో కొత్త టీకా వచ్చింది, ఒక్కో మోతాదు వందల రూపాయలు. డబ్బున్నవాడికి చేతికి అయిదు, లేనివాడికి పొట్టకి పద్నాలుగు. తొంభైల్లో ఆసుపత్రి వరండాలో కూర్చున్నవాళ్ళ ముఖాలు చూస్తే ఊళ్ళో ఎవరు పేదవాళ్ళో తెలిసిపోయేది. ఆ ఇరవై ఏళ్ళలో ఎంతమంది కాళ్ళు పడిపోయాయో అన్న ఆలోచన వస్తే నాకు ఇప్పటికీ మనసు కుదుటపడదు.

చివరికి ఖర్చు సమస్యని తీర్చింది ఒక తెలివైన ఉపాయం. కండలోకి కాకుండా చర్మం పొరల్లోకి 0.1 మిల్లీలీటరు చొప్పున రెండు చేతులకీ వేస్తే, చాలా తక్కువ మందుతో అంతే రక్షణ వస్తుంది. మన ప్రభుత్వం 2006లో దానికి అనుమతిచ్చింది. మొదటి సూది రోజు, ఆ తర్వాత మూడు, ఏడు, ఇరవై ఎనిమిది రోజులకి. గాయం తీవ్రమైతే గాటు చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ అనే ప్రతిరక్షకాల మందు. అన్నిటికంటే ముందు, పారే నీళ్ళ కింద సబ్బుతో పావుగంట కడగడం. మా రోజుల్లో గాయాన్ని కార్బాలిక్ ఆసిడ్‌తో కాల్చేవారు, ఆ మచ్చలున్న చేతులు ఇంకా ఊళ్ళలో కనబడతాయి.

దేశంలో ఏడాదికి ఇరవై వేల పైచిలుకు మంది ఈ జబ్బుతో పోతున్నారని 2003 నాటి సర్వే అంచనా. ఇటీవలి అంచనా 5,700 చిల్లర. తగ్గింది, నిజమే. కానీ ఈ 5,700 మందీ సబ్బు, నీళ్ళు, నాలుగు విడతల చిన్న సూదులు సకాలంలో అందితే బతికేవాళ్ళే. మందులో నొప్పి పోయేసరికి జబ్బు మీద గౌరవం కూడా పోయినట్టుంది. రెండు విడతలు వేయించుకుని, నొప్పి లేదు కాబట్టి ఏమీ లేదనుకుని మూడోదానికి రానివాళ్ళని నేను ఎరుగుదును. పిల్లలు భయపడి కుక్క గీరిన సంగతి ఇంట్లో చెప్పకపోతే అడిగే అరుగులూ లేవు.

మా చెల్లెలి కొడుకుని కుక్కపిల్ల కరిచినప్పుడు నాన్న పదవీ విరమణ చేసి చాలాకాలమైంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి మాతోపాటు వస్తానన్నారు. అప్పటికి గొర్రె మెదడు మందు పోయి కొత్తది వచ్చింది. నర్సమ్మని అడిగి ఆ చిన్న సీసా చేతిలోకి తీసుకుని, కళ్ళజోడు సవరించుకుని చీటీ మీది అక్షరాలన్నీ చదివారు. అభయ్‌రాబ్, ఊటీలో తయారైంది. దేనిమీద పెంచారమ్మా అని అడిగారు. వీరో కణాల మీదండీ, కోతి మూత్రపిండం నుంచి తీసినవి అని ఆ అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. "మెదడు లేదు కదా ఇందులో?" అన్నారు. లేదండీ అంది. "అయితే కాళ్ళు పడిపోవు" అన్నారు, తనలో తను అనుకుంటున్నట్టు.

మర్నాడు పొద్దున్నే మొదటి బస్సుకి మాస్టారి ఊరు వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చారు. కొత్త మందు సంగతి చెప్పడానికే వెళ్ళానన్నారు. మాస్టారు ఏమన్నారని అమ్మ అడిగింది.

"ఖరీదెంత అని అడిగాడు. సర్కారు ఆసుపత్రిలో ఊరికే వేస్తున్నారని చెప్పాను."